లవకుశులది ఎవరి గొంతు? - పద్యనాటకము, చలనచిత్రము, బాలప్రేక్షకులు

తెలుగు టాకీ పద్యనాటకము ఇంటనే కన్ను తెరచినది. 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలో విడుదలయైన 'భక్త ప్రహ్లాద' సురభి నాటక సమాజమువారు రంగముపై ఆడుచుండిన నాటకమునకు తెరరూపము. మూలము ధర్మవరము రామకృష్ణమాచార్యుల రచన, దర్శకుడు హెచ్. ఎం. రెడ్డి. సురభి కమలాబాయి లీలావతిగను, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడుగను నటించిరి. ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు అను బాలుడు. ఈ తుది సంగతియే మా వ్యాసమునకు మొదలు. మన మొదటి మాటలాడు చిత్రమునందే కథానాయకుడు పసివాడు, అతడు పాడవలసినవాడు. బాలురకై ప్రత్యేకముగా చిత్రములు తీయవలెనను ఊహ అప్పటికి ఎవరికిని లేకున్నను, పాటలతో పద్యములతో నిండిన నాటకమును తెరకెక్కించునపుడు బాలుని ఏమి చేయవలెను అను ప్రశ్న మాత్రము నాడే పుట్టినది.

ఆ ప్రశ్న మాకు గ్రంథాలయమున తట్టినది కాదు, మారేడుమిల్లిలో తట్టినది. రాజమహేంద్రవరము నుండి భద్రాచలము పోవు కొండదారిలో, రంపచోడవరమునకును చింతూరునకును నడుమ, గోదావరి మన్యమున ఉన్న ఊరది. చుట్టును వెదురు పొదలు, జీలుగు చెట్లు, మలుపులు తిరిగిన ఘాటురోడ్డు. కొండరెడ్ల పాటలను, కోయల రేల పాటలను వినవలెనని కొంతకాలము క్రిందట మేమచటికి పోయియుంటిమి. అక్కడి ఆశ్రమ పాఠశాలలో ఒకదానియందు పిల్లలకు 1963 నాటి 'లవకుశ' చిత్రమును గోడమీద తెల్లని దుప్పటి కట్టి చూపుచున్నారని తెలిసి, మేమును వారి వెనుక చాపమీద కూర్చుంటిమి. చిత్రము సుమారు మూడున్నర గంటలు. పిల్లలు తొమ్మిదింటికి నిద్రపోవలెను గనుక దానిని రెండు రాత్రులుగా ఆడించిరి. ఆ రెండు రాత్రులును మేము తెరకంటె పిల్లలనే ఎక్కువ చూచితిమి.

మొదటి రాత్రి, లవకుశుల గానము ఆరంభమైన కొంతసేపటికి మా ముందు కూర్చున్న ఒక కుఱ్ఱవాడు వెనుకకు తిరిగి, "సారూ, ఆ పాట ఆళ్ళు పాడతన్నది కాదు గదా?" అని అడిగెను. కాదంటిమి. "మరెవరు?" పి. లీల, పి. సుశీల అను ఇద్దరు గాయనులని చెప్పితిమి. వాడు తెరవంక తిరిగి మరల ఏమియు అడుగలేదు. విశ్వవిద్యాలయమున 'లవకుశ'ను గూర్చి మేము విన్న ప్రశ్నలలో ఇంతటి సూటియైనది వేరొకటి లేదు.

దీనికి సమాధానము చెప్పుకొనవలెనన్నచో ముందుగా నాటకశాలలో బాలుని స్థితి ఎట్టిదో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మా చిన్నతనమున రాత్రి తొమ్మిదింటికి తెర ఎత్తిన నాటకము కోడికూతవరకు సాగెడిది. నటుడు హార్మోనియము శ్రుతిని అందుకొని పద్యమెత్తి, తుదిపాదము చివర రాగమును సాగదీయును. సభ 'ఒన్సుమోరు' అనును. అతడు మరల ఎత్తును. పద్యార్థము తెలిసిన పెద్దలకు ఆ రాగమొక విందు. పిల్లలకు అది నిద్రవేళ. వారు రంగము ముందు పరచిన చాపలపై ఒదిగి నిద్రపోవుదురు. స్తంభము పగులు సమయమునకు తల్లులు వారిని తట్టి లేపుదురు. నరసింహుని చూచి కెవ్వుమని ఏడ్చినవారును కలరు, మేమును అందొకరము. కాగా నాటకము పిల్లలకు దృశ్యముల వరుసగానే అందెడిది. నడుమనున్న గానము వారిది కాదు.

రంగముమీది బాలుని స్థితి వేరు. 1885లో కడప మండలమున సురభి గ్రామమున మొదలైన సురభి సమాజములు కుటుంబములుగా బ్రతికిన సమాజములు. అచటి బిడ్డ చంకబిడ్డగా రంగమునకు వచ్చును. నడక వచ్చిన పిదప లోహితాస్యుడగును, ప్రహ్లాదుడగును, కుశుడో లవుడో అగును. పాటను తల్లి ఒడిలో విని నేర్చును, తన గొంతుతోనే పాడును. శ్రుతి తప్పిన సభకు తెలియును. తప్పనిచో ఆ మెప్పు ఆ బిడ్డదే. పాత్రయు గొంతును ఒకే దేహమున ఉండుట రంగస్థలమునకు సహజధర్మము. దానినొక విశేషముగా చెప్పవలసివచ్చుట చలనచిత్రము వచ్చిన పిదపనే.

తొలి టాకీలలో ఈ ధర్మము కొంతకాలము నిలిచినది. 1934లో కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీవారు సి. పుల్లయ్య దర్శకత్వమున 'లవకుశ'ను నిర్మించిరి. రచన బలిజేపల్లి లక్ష్మీకాంతకవిది. 'సత్యహరిశ్చంద్రీయము' వ్రాసిన చేయి గనుక పద్యనాటకము యొక్క పట్టువిడుపులు ఆయనకు కరతలామలకములు. పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత, భీమారావు, మల్లేశ్వరరావు అను బాలురు లవకుశులు. నేపథ్యగానము తెలుగునకు ఇంకను రాని కాలమది. నటించువాడే పాడవలెను, కెమెరా తిరుగుచుండగనే పాడవలెను. కావున లవకుశులను ఎన్నుకొనుట యనగా పాడగల ఇద్దరు పిల్లలను ఎన్నుకొనుటయే. ముఖము తరువాతి మాట. ఆ చిత్రమును చూచుటకు పల్లెలవారు బండ్లు కట్టుకొని వచ్చిరని పెద్దలు చెప్పుకొనుట వాడుక. తెరపై తమ బిడ్డల ఈడువారు తమ గొంతులతోనే రామకథ పాడుట ఆ రాకకు ఒక కారణమని మా నమ్మకము.

అదే దర్శకుడు 1936లో మరియొక ప్రయోగము చేసెను. 'సతీ అనసూయ', 'ధ్రువ విజయము' అను రెండు కథలను కేవలము బాలనటులతో తీసి ఒక్క ప్రదర్శనముగా చూపెను. తరువాతి కాలమున 'మన దేశం' (1949) నిర్మించిన సి. కృష్ణవేణి, అంతకుముందే నాటకములలో బాలనటి, ఈ చిత్రముతో తెరకు వచ్చినది. బాలురను తెరపై నింపినచో చిత్రము బాలురదగునను నమ్మకము మన దేశమున ఇంత పాతది. కాని తారాగణ నిర్ణయమును బట్టియే ఒక చిక్కు కనబడుచున్నది. అనసూయ కథకు ప్రాణమేమి? త్రిమూర్తులంతటివారు ఒక ఇల్లాలి పాతివ్రత్యమునకు లోబడి ఉయ్యాలలో పసిబిడ్డలగుట. త్రిమూర్తులు మొదటినుండియు పిల్లలే, అనసూయయు పిల్లయే అయినచో ఆ మార్పులోని ఆశ్చర్యమెక్కడ? ధ్రువుని కథయు అంతే. తండ్రి తొడ ఎత్తైనది గనుకనే ధ్రువునకు అది అందలేదు. ఆ తండ్రి కూడ పదేండ్లవాడే అయినపుడు సురుచి కఠినోక్తి పిల్లల జగడముగా మారును. బాలుని చిన్నతనము పెద్దల పక్కనే తెలియును. పిల్లలకు పెద్దవేషములు వేసి చూచి ముచ్చటపడువారు పెద్దలు, పిల్లలు కారు.

ఇదే పద్ధతి అరువది యేండ్ల పిదప 1997లో గుణశేఖర్ దర్శకత్వమున, ఎం. ఎస్. రెడ్డి నిర్మాణమున 'రామాయణము'గా మరల వచ్చినది. అందు రాముడు జూనియర్ ఎన్.టి.ఆర్. ఉత్తమ బాలల చిత్రముగా జాతీయ పురస్కారమును పొందినది. శ్రద్ధతో తీసిన చిత్రమని ఒప్పుకొనుచునే, పురస్కారము పేరులోని 'బాలల' అను షష్ఠి నటులకు చెల్లినంతగా ప్రేక్షకులకు చెల్లలేదని మేము చెప్పక తప్పదు.

ప్రహ్లాద కథ దీనికి ఎదురు దారి. 1967లో ఏవీయం సంస్థ చిత్రపు నారాయణమూర్తి దర్శకత్వమున తీసిన 'భక్త ప్రహ్లాద'లో ఎస్. వి. రంగారావు హిరణ్యకశిపుడు, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు. ఆ భారీ విగ్రహము ముందు ఆ చిన్న ముఖము నిలిచినపుడు కథ ఏమిటో అక్షరము రానివారికిని తెలియును. నాటకశాలలో రాత్రియంతయు హిరణ్యకశిపుని పద్యములదే రాజ్యము. కెమెరా బాలుని ముఖమునకు చేరువగా పోయి ఆ రాజ్యమును కొంత తగ్గించినది. ఇది తెర చేసిన మేలు. అయినను ఇచట గానమునకు ఒక పరిమితి కలదు. పోతన సప్తమస్కంధములోని పద్యములు మన బడిపిల్లలు కంఠస్థము చేసినవి. అవి వినబడగానే పిల్లవాడు చేతులు కట్టుకొని నిటారుగా కూర్చుండును. పాఠము గుర్తుకు వచ్చును. మారేడుమిల్లి పిల్లలను మేము పద్యమొకటి చదువుడనగా, లేచి నిలిచి, ఒకే ఊపున, ఊపిరి తీయక అప్పగించిరి. పాట పాడుడనగా కూర్చుండి, ఒకరినొకరు చూచుకొని, తాళము కుదిరిన పిదప ఎత్తుకొనిరి. పద్యము వారికి గురువుగారి సొత్తు, పాట తమ సొత్తు. నాటకమును బాలురకై తెరకెక్కించువారు భాషను తేలిక చేయుటనుగూర్చి తలపట్టుకొందురు గాని ఈ భేదమును గమనింపరు.

'లవకుశ' ఆ భేదమును దాటినది. ఎట్లు దాటినదన్నదే మేము చెప్పదలచిన ముఖ్యవిషయము.

ఈ కథలో పాట అలంకారము కాదు, కథ నడచుటయే పాటవలన. వాల్మీకి బాలకాండ నాలుగవ సర్గలో ఇద్దరు పిల్లలు రామాయణమును గానము చేయుదురు. ముందుగా మునులు విందురు. సంతోషించి ఒకరు కలశమును, ఒకరు వల్కలమును బహుమానమిత్తురు. (అడవిలో కళాకారులకు ఇయ్యదగిన బహుమానములవి, సన్మానపు శాలువలు అప్పటికి రాలేదు.) పిదప రాముడు వినును. పాడువారు తన బిడ్డలని అతనికి తెలియదు, పాడబడువాడు తమ తండ్రియని వారికి తెలియదు. తెలుగువారు ఈ ఘట్టమును విడువలేదు. కంకంటి పాపరాజు 'ఉత్తరరామాయణము'లో దానికి ప్రబంధపు సొగసు కూర్చెను. స్త్రీలు దంపుళ్ళవద్ద 'కుశలవుల యుద్ధము' పాడుకొనిరి. నాటక సమాజములు ఊరూర ఆడినవి. ఇన్ని రూపములలోను మారనిది ఒక్కటే: పెద్దలు దాచిన కథను పిల్లలు పెద్దల యెదుట పాడుట. ప్రహ్లాదుడు పాడకున్నను ప్రహ్లాదుడే. పాడని లవకుశులకు కథయే లేదు. ఇచట గానము బాలుని పని. పిల్లలు మెచ్చిన చిత్రములు మరికొన్ని యున్నను పిల్లలు తమదిగా పట్టుకొన్నది ఇది యగుటకు హేతువు ఇదియే.

1963 చిత్రము ఈ బలమును గుర్తెరిగి తీసినది. లలితా శివజ్యోతి సంస్థ అధిపతి ఎ. శంకరరెడ్డి నిర్మాత. సి. పుల్లయ్య ఆరంభించిన పని ధనాభావముచే నిలిచిపోగా, ఆయన కుమారుడు సి. ఎస్. రావు పూర్తిచేసెను. ఆద్యంతము రంగులలో వచ్చిన మొదటి తెలుగు చిత్రమిది. ఎన్. టి. రామారావు రాముడు, అంజలీదేవి సీత, నాగరాజు, సుబ్రహ్మణ్యము అను బాలురు లవకుశులు. సంగీతము ఘంటసాలది. పాటలును పద్యములును కలిసి ముప్పదికి పైబడి యున్నను పిల్లలు విసుగుకొనకుండుటకు కారణము ఆయన చేసిన ఒక పొదుపు. రంగస్థలమున పాదము చివర సాగెడు రాగమును ఆయన కత్తిరించెను. మాట విడివిడిగా వినబడునట్లు పద్యమును నడిపెను. 'ఒన్సుమోరు'కు అలవాటుపడిన పాతవారికి ఇది వెలితిగా తోచియుండవచ్చును. చాపమీది పిల్లవానికి మాత్రము పద్యము మొదటిసారి వాక్యమై వినబడినది. ఇక లవకుశుల రామకథాగానము ఒక్కటే బారుగా సాగక విడతలుగా వచ్చును; ప్రతి విడత కథను కొంత ముందుకు నెట్టును; నడక సులభము, గమకముల భారము తక్కువ. ఒకసారి విన్న పిల్లవాడు రెండవసారి తోడుగా పాడగలడు. నాటకమునందలి గానము చూచి ఆనందింపదగినది. ఈ గానము తీసికొనిపోదగినది.

తీసికొనిపోవువాడు తెరమీది బాలుని గొంతును మాత్రము తీసికొనిపోవుట లేదు. ఆ కుఱ్ఱవాని ప్రశ్న ఇచట మరల ఎదురగును. 1934లో గొంతును బట్టి బాలురను ఎన్నుకొనిరి. 1963 నాటికి ముఖమును బట్టి ఎన్నుకొని, గొంతును వేరుగా తెచ్చిరి. బాలుని పాత్రకు స్త్రీకంఠమను ఏర్పాటు అప్పటికే స్థిరపడినది. 1967 ప్రహ్లాదునకును స్త్రీకంఠమే. ఇది మన దేశపు వింత కాదు. హంపర్డింక్ రచించిన 'హాన్సెల్ అండ్ గ్రెటెల్' అను జర్మను సంగీతనాటకము 1893లో వైమారున మొదట ప్రదర్శింపబడినది. అందు అడవిలో దారితప్పిన అన్నాచెల్లెండ్రలో అన్న పాత్రను స్త్రీయే పాడుట సంప్రదాయము. 1954లో అమెరికాలో దానిని పిల్లలకై బొమ్మల చిత్రముగా తీసినపుడు ఒకే గాయని అన్నకును చెల్లెలికిని గొంతునిచ్చినది. బొమ్మలకు సొంత గొంతు లేదు గనుక అచట పేచీ లేదు. మన బాలురకు కలదు.

ఈ ఏర్పాటును తేలికగా తీసిపారవేయుట న్యాయము కాదు. లీల, సుశీలల కంఠములు రెండు వేరువేరు రుచులు. కలిసినపుడు ఒకటియై, విడినపుడు ఇద్దరు పిల్లలు ఇద్దరుగానే నిలుతురు. ఉచ్చారణ అద్దమువంటిది. పదేండ్ల బాలురు ఆ నిడివి గానమును ఆ శ్రుతిశుద్ధితో రికార్డు చేయించుట ఎంత కష్టమో తెలిసినవారు సంగీత దర్శకుని తప్పుపట్టరు. అయినను నష్టము నష్టమే. కథలో ఆ గానమునకు పదునెక్కడిది? అది పసివారి గానమగుటవలన వచ్చినది. ఏమియు తెలియని గొంతు అన్నియు తెలిసిన సభను నిలదీయుట అందలి విషయము. తెరపై ఏమియు తెలియని ముఖము కలదు. గొంతు మాత్రము అన్నియు తెలిసినది, శిక్షణ ముగిసినది. పెద్దలమైన మేము ఇన్నేండ్లుగా దానిని గమనింపలేదు. అది మధురముగా నుండుటచే గమనింప నక్కరలేకపోయినది. పిల్లవాడు తన ఈడువాని గొంతుకై చెవియొగ్గెను గనుక అతనికి తెలిసినది.

అడవి విషయమున ఆ పిల్లలు ఇంతకంటె నిర్దయులు. వాల్మీకి ఆశ్రమము ప్రధానముగా స్టూడియోలో కట్టినది. ఒక బాలిక ఆ చెట్లలో ఒకదానిని చూపి అది ఏ చెట్టని పక్కదానిని అడిగెను. "ఏ చెట్టూ కాదు" అని సమాధానము వచ్చెను. అంతటితో ఆ చర్చ ముగిసినది. నాటకపు తెరమీది అడవిని అంగీకరించునట్లే వారు దానిని అంగీకరించిరి. నేడు చిత్రములవారు అడవి కావలసి మారేడుమిల్లికే వచ్చుచున్నారు. 2021లో విడుదలయైన 'పుష్ప' చిత్రీకరణము కొంత ఇచటనే జరిగినది. నిజమైన చెట్టు ఉన్నంత మాత్రమున చిత్రము పిల్లలకు చేరువగునని ఆశపడువారు ఆ బాలికల సంభాషణమును వినదగును. చెట్టు అబద్ధమైనను వారికి పట్టింపు లేదు, గొంతు విషయముననే పట్టింపు.

ఇక ఒక సంగతి మిగిలినది. పిల్లలకై కథను మార్చువారు మొదట తీసివేయునది దుఃఖము. తల్లిని అడవికి పంపుట, తుదకు ఆమె భూమిలోనికి పోవుట ఉన్న కథను పిల్లలకు చూపవచ్చునా అని అడుగువారు కలరు. పుల్లయ్య రెండుమారులును దానిని దాచలేదు. ఆయన నిర్ణయము సరియైనదేనని మా అభిప్రాయము. లవకుశుల గానము ఆ దుఃఖమునకు పోవు దారియే గనుక, గమ్యమును తీసివేసినచో దారి ఉండదు. కాని ఈ మాటను సుఖముగా ఇంటనుండి చిత్రము చూచువారి యెదుట అనుట వేరు. ఆ పాఠశాల పిల్లలలో పలువురు దూరపు గూడెములనుండి వచ్చినవారు. తల్లిని పండుగకో సెలవులకో చూచువారు. రెండవ రాత్రి భూమి చీలినపుడు అంతవరకు యుద్ధమునకు కేకలు వేసిన గదిలో చప్పుడు లేదు. దీపము వెలిగించిన పిదపను కొందరు లేవలేదు. చూపకుండవలసినదేమో అని ఒక క్షణము మాకును అనిపించినది.

మరునాడు ఆదివారము. పాఠశాల వెనుక చింతచెట్టు క్రింద వారు ఆ కథను ఆడుచుండగా మేము పోయి చూచితిమి. లవకుశులు ఇద్దరు కారు. ఒక పక్క ఆరుగురు, ఒక పక్క ఏడుగురు. ఒక పక్షము ఒక మాట పాడగా రెండవ పక్షము దానిని అందుకొని తిరిగి పాడుచుండిరి. రేల పాటలలో ముందు పాడువారు, అందుకొనువారు ఉన్నట్లే. శ్రుతిని తమకు అందునంతవరకు దించుకొనిరి. గాయనుల సంగతులు పోయినవి, తాళము కొంత మారినది, ఒకరిద్దరి గొంతు జీరబోయినది. రాముడుగా కూర్చున్నవానికి మాటలే లేవు. రాతిమీద తలవంచుకొని వినుటయే అతని పని, ఆ పనిని అతడు చక్కగా చేసెను. సీత వేషమున నున్న బాలిక పక్కన నిలిచియుండెను. పాట ముగియగానే పాడిన పిల్లలందరును పోయి ఆమె చుట్టు కూర్చుండిరి. ఆట ఆగినది.

భూమి చీలుట లేదా అని అడిగితిమి.

"అది రేపాడతాం సారూ" అని సీత చెప్పినది.